అష్టా చెమ్మాలో ఆనందమూ ఉక్రోషమూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వేసవి సెలవుల్లో ఇంటిపట్టున ఆడే ఆటల గురించి మీ సందేహాలు రాయమని కోరినప్పుడు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అష్టా చెమ్మా గురించే ఉన్నాయి. ఆ ఆట ఇచ్చిన సంతోషాన్ని తలుచుకున్నవారే, అది పెట్టిన ఏడుపును కూడా తలుచుకున్నారు. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ఆటకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. సెలవులకు హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చింది. ఫోనులో లూడో ఆడుతుంటే చూసి, నేను చిన్నప్పుడు ఆడిన అష్టా చెమ్మా నేర్పాను. రెండు రోజులు ఎంతో సంబరంగా ఆడింది. మూడో రోజు, పండటానికి మూడు గళ్ళ దూరంలో ఉన్న తన కాయను నేను చంపాను. పిల్ల గవ్వలు విసిరికొట్టి, గీసిన పటాన్ని కాలితో చెరిపేసి, ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. "చంపకుండా వదిలేస్తే నీకేం పోయేదమ్మా?" అని మా అబ్బాయి నన్నే కోప్పడ్డాడు. చిన్నపిల్లలతో ఆడేటప్పుడు పెద్దవాళ్ళు కావాలని ఓడిపోవాలా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు కాయను చంపడంలో తప్పేమీ లేదండి. పిల్ల ఏడవడంలోనూ తప్పు లేదు. ఆ ఏడుపు ఎంత న్యాయమైనదో గళ్ళు లెక్కపెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 గళ్ళ పటంలో కాయ తన ఇంటి నుంచి బయలుదేరి, బయటి వరుసలో 15 గళ్ళు నడిచి, అక్కడి నుంచి లోపలి వరుసలోకి మళ్ళి ఎనిమిది గళ్ళు తిరిగి, ఆ తరువాత ఒక్క అడుగు వేసి నడిమింట్లో పండుతుంది. అంటే మొత్తం ప్రయాణం 24 అడుగులు. బయటి వరుసలో నాలుగు వైపులా అడ్డగీతలు కొట్టిన నాలుగు ఇళ్ళున్నాయి; వాటిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. ఆ ఇళ్ళు నాలుగేసి అడుగుల దూరంలో ఉంటాయి కనుక మొదటి 12 అడుగులూ కాయ ఒక నీడ నుంచి మరో నీడకు నడిచినట్టు నడుస్తుంది. పన్నెండో అడుగు దగ్గర ఉన్న చివరి ఇల్లు దాటాక నడిమిల్లు చేరేదాకా మరొక ఆశ్రయం లేదు. ప్రయాణంలో రెండో సగమంతా ఎండలోనే. మీ మనవరాలి కాయ అలా 21 అడుగులు నడిచి వచ్చింది. ఒక వంతుకు సగటున మూడు అడుగులు కూడా పడని ఈ ఆటలో ఆ కాయ వెనుక కనీసం ఏడెనిమిది వంతుల శ్రమ ఉంది. అదంతా ఒక్క పందెంతో పోయింది.

దీనికి తోడు ఇంకొక మాట కూడా ఉంది. వైకుంఠపాళిలోనూ పెద్ద పాము నోట్లో పడి అడుగుకు జారిపోతాము, అక్కడా ఉక్రోషం వస్తుంది. కానీ ఆ పాము బొమ్మ మాత్రమే, దానికి మన మీద ఏ పగా లేదు. అక్కడ పందెం ఎంత పడితే అంత నడవడమే తప్ప ఆడేవారు ఎంచుకోవలసినదేమీ ఉండదు. అష్టా చెమ్మాలో ప్రతి ఒక్కరికీ నాలుగు కాయలుంటాయి, పడిన పందేన్ని ఏ కాయకు వాడాలో ఆడేవారే నిర్ణయించుకోవాలి. మీ దగ్గర మరో మూడు కాయలున్నాయని, వాటిలో దేన్నయినా జరపగలిగి ఉండి కూడా అమ్మమ్మ తన కాయనే ఎంచుకుని చంపిందని మీ మనవరాలికి స్పష్టంగా తెలుసు. అందుకే అంత కోపం. ఆ పిల్ల మీ కాయను చంపిన రోజున ఇల్లంతా ఎగిరి ఉంటుంది కదా, ఆ ఆనందానికీ కారణం ఇదే. ఈ రెండింటిలో ఒకదాన్ని తీసివేసి మరొకదాన్ని ఉంచుకోవడం సాధ్యం కాదు.

ఇక కావాలని ఓడిపోవడం గురించి. దయచేసి ఆ పని చేయవద్దు. నాకు ఏడేళ్ళప్పుడు మా మేనత్త మధ్యాహ్నం పూట నాతో గవ్వలాడేది. వరుసగా చాలా రోజులు నేనే గెలిచాను, గెలిచిన ప్రతిసారీ వీధిలో అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఆమెకు మూడు పడింది. సరిగ్గా మూడు గళ్ళ ముందు నా కాయ ఉంది. ఆమె దానివైపు ఒకసారి చూసి, వేరే కాయను జరిపింది. అప్పుడు నాకు అర్థమైంది. కాయ చచ్చినప్పుడు ఎన్నడూ ఏడవనంతగా ఆ రోజు ఏడ్చాను, ఎందుకంటే ఆ ఒక్క పందెంతో అంతకుముందు గెలిచిన ఆటలన్నీ నావి కాకుండా పోయాయి. పిల్లలు ఇటువంటివి మనం అనుకునేదానికంటే త్వరగా పసిగడతారు.

చిన్నవారికి వెసులుబాటు ఇవ్వదలిస్తే దాన్ని నియమంగా ముందే చెప్పి ఇవ్వండి. ఉదాహరణకు, పదేళ్ళలోపు పిల్లల కాయ చస్తే మొదటి ఇంటికి కాకుండా, అది చివరిగా దాటిన ఇంటికి మాత్రమే వెనక్కి పోతుందని ఆట మొదలుకాకముందే అనుకోవచ్చు. అప్పుడు మీ మనవరాలి కాయ 21 అడుగులకు బదులు తొమ్మిది అడుగులు మాత్రమే పోగొట్టుకునేది. కాయలను నాలుగు నుంచి రెండుకు తగ్గిస్తే నడవవలసిన 96 అడుగులు 48 అవుతాయి, చిన్నపిల్లల ఓపిక తీరకముందే ఆట ముగుస్తుంది. నలుగురు దొరికితే ఇద్దరిద్దరు జతగా ఆడటం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే కాయ చచ్చినప్పుడు "పోనీలే, నేను చూసుకుంటాను" అనే మనిషి పక్కనే ఉంటుంది. వీటిలో ఏది పాటించినా, మీ చేతికి చంపే పందెం పడినప్పుడు మాత్రం నిజంగానే చంపండి. చంపినప్పుడు కేకలు పెట్టవద్దు, కాయను తీసి పిల్ల చేతికే ఇవ్వండి, తానే ఇంట్లో పెట్టుకుంటుంది. చెరిపేసిన పటాన్ని మరునాడు తన చేతనే గీయించండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా హాస్టల్లో సెలవు రోజుల్లో నేల మీద సుద్దతో గీసి అష్టా చెమ్మా ఆడుతాము. చెమ్మా (నాలుగు) గాని అష్టా (ఎనిమిది) గాని పడితేనే కాయ బయటికి రావాలన్నది మా నియమం. ప్రతి ఆటలోనూ నా కాయలు బయటికే రావు. మొన్న పదకొండు వంతులు కూర్చుండిపోయాను. తీరా బయటికి వచ్చి అంతా నడిచాక, చివర ఒకటి పడక మళ్ళీ ఎదురుచూపే. మిత్రులు నన్ను దురదృష్టవంతుడని ఏడిపిస్తున్నారు. ఇందులో నేర్చుకోవలసిన నేర్పు ఏమైనా ఉందా, లేక అంతా అదృష్టమేనా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు దురదృష్టవంతులు కారు. మీ హాస్టలు నియమం కఠినమైనది, అంతే.

నాలుగు గవ్వలు వేసినప్పుడు అవి వెల్లకిలా, బోర్లా పడగల తీరులు మొత్తం 16. ఒక్కో గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, ఆ 16లో నాలుగూ వెల్లకిలా పడి చెమ్మా అయ్యేది ఒక్క తీరు, నాలుగూ బోర్లా పడి అష్టా అయ్యేది ఒక్క తీరు. ఒకటి పడటానికి నాలుగు తీరులు, రెండుకు ఆరు, మూడుకు నాలుగు ఉన్నాయి. కాబట్టి కాయ బయటికి రావడానికి మీకున్న అవకాశం 16లో 2, అనగా ఎనిమిదింట ఒక వంతు. లూడోలో ఆరు పడితేనే కాయ బయటికి వచ్చే నియమాన్ని అందరూ తిట్టుకుంటారు గాని, అక్కడ అవకాశం ఆరింట ఒక వంతు. మీది అంతకంటే గట్టిది. పది వంతులు వేసినా చెమ్మా, అష్టా రెండూ పడకుండా పోయే అవకాశం నూటికి 26. నలుగురు ఆడుతుంటే సగటున ఆటకు ఒకరు మీలా కూర్చుండిపోతారన్నమాట. ఆ ఒక్కరు వరుసగా రెండు మూడు ఆటల్లో మీరే అయితే దురదృష్టమనే పేరు వచ్చి పడుతుంది.

ఒకటి పడినా కాయ బయటికి రావచ్చని కొన్ని ఇళ్ళలో ఆడతారు. అప్పుడు అవకాశం 16లో 6కు పెరుగుతుంది, పది వంతులు ఖాళీగా కూర్చోవడమన్నది వంద ఆటలలో ఒకసారి కూడా జరగదు. అసలే షరతూ లేకుండా, మొదటి పందెం నుంచే కాయలు నడిపే ఇళ్ళూ ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, ఆడేవారిని ఆటలోకే రానివ్వకుండా కూర్చోబెట్టే నియమం వల్ల ఎవరికీ లాభం లేదు. చచ్చిన కాయ కోసం పడే బాధలో ఆట ఉంది. బయటికి రాని కాయను చూస్తూ కూర్చునే బాధలో ఆట లేదు. మీ మిత్రులకు ఈ లెక్క చూపించి నియమం మార్పించండి.

నేర్పు ఉందా అని అడిగారు. తప్పకుండా ఉంది. గవ్వలు ఎలా పడతాయన్నది మీ చేతిలో లేకపోయినా, పడ్డాక ఏ కాయను జరపాలన్నది మీ చేతిలోనే ఉంది. ఇళ్ళ మధ్య దూరం సరిగ్గా నాలుగు అడుగులని పైన చెప్పాను. చెమ్మా అంటే నాలుగు, అష్టా అంటే ఎనిమిది. ఇంట్లో ఉన్న కాయ చెమ్మా పడితే పక్క ఇంటికి, అష్టా పడితే ఆ పై ఇంటికి ఎక్కడా గాలికి ఆగకుండా చేరుతుంది. ఈ ఆటను కట్టినవారెవరో గాని, పందేలకూ పటానికీ కుదిర్చిన ఈ పొత్తును చూస్తే ఇప్పటికీ నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. పెద్ద పందేలు పడినప్పుడు ఇంట్లో ఉన్న కాయనే కదపాలని, చిన్న పందేలను గాలిలో ఉన్న కాయను దగ్గరి ఇంటికి చేర్చడానికి వాడాలని దీని నుంచి తేలుతుంది. చాలామంది దీనికి విరుద్ధంగా, అన్నిటికంటే ముందున్న కాయనే ఆశగా తోస్తుంటారు.

ఇళ్ళు దొరకని చోట ఎదుటివారి కాయ వెనక ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. మీ కాయ దానికి రెండు గళ్ళ ముందు ఉంటే చావు అవకాశం 16లో 6, ఒకటి లేదా మూడు గళ్ళ ముందు ఉంటే 16లో 4, నాలుగు గళ్ళ ముందు ఉంటే 16లో 1 మాత్రమే. ఒక్క అడుగు తేడాతో ప్రమాదం నాలుగోవంతుకు పడిపోతుంది కనుక, ప్రత్యర్థి కాయకు నాలుగు గళ్ళ ముందు నిలబడే వీలున్నప్పుడు మూడు గళ్ళ దగ్గర ఆగడం తెలివైన పని కాదు.

చివరి ఎదురుచూపుకూ ఒక ఉపాయం ఉంది. నడిమిల్లు చేరడానికి సరిపోయే పందెమే పడాలి కనుక, ఒక్క అడుగు దూరంలో ఆగిన కాయకు ఒకటే దిక్కు, దాని అవకాశం 16లో 4. రెండు అడుగుల దూరంలో ఆగిన కాయకు రెండు కావాలి, దాని అవకాశం 16లో 6. అందువల్ల ఒకటి పడినప్పుడు, జరపడానికి వేరే కాయ ఉంటే దాన్నే జరిపి, రెండు అడుగుల దూరంలో ఉన్న కాయను అక్కడే ఉంచండి. దగ్గరికి వెళ్ళిన కొద్దీ త్వరగా పండుతుందని మనసుకు అనిపిస్తుంది. ఈ ఆటలో అది నిజం కాదు. వెనక నుంచి ఎవరూ తరుముకు రానప్పుడే ఇలా ఆగాలని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: సంక్రాంతికి అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం అందరం మా ఊళ్ళో కలుస్తాము. ప్రతి ఏడూ అష్టా చెమ్మా దగ్గర గొడవే. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరుసలోకి పోకూడదని మా అక్క అంటుంది. మా మరదలు కరీంనగర్ పిల్ల. వాళ్ళింట్లో అటువంటి నియమమే లేదంటుంది. వరుసగా మూడు చెమ్మాలు పడితే చెల్లవని మా బావగారు అంటారు. అసలైన నియమాలు ఏవో చెప్పి మా ఇంట్లో శాంతి నెలకొల్పండి.
– పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ అక్కగారూ, మీ మరదలూ, మీ బావగారూ ముగ్గురూ సరిగ్గానే చెబుతున్నారు. ఈ ఆటకు అందరూ ఒప్పుకున్న ఒకే నియమావళి లేదు. ముగ్గుపిండితోనో బొగ్గుతోనో అరుగు మీద గీసి, పెద్దవాళ్ళ నోటి నుంచి పిల్లలు విని నేర్చుకున్న ఆట ఇది. ఇదే ఆట కన్నడిగులకు చౌకాబారా. తమిళులకు దాయం ఉంది, ఉత్తరాదివారికి 25 అనే పెద్ద పందెం పేరే ఆటకు పేరైన పచ్చీసు ఉంది. ఫతేపూర్ సిక్రీ కోట ఆవరణలో నేల మీద పరిచిన పెద్ద పచ్చీసు పటాన్ని నేటికీ చూడవచ్చు. ఆ పచ్చీసునే సులువు చేసి, గవ్వల స్థానంలో పాచిక పెట్టి, ఇంగ్లండులో 1896లో లూడో అనే పేరుతో పేటెంటు పుచ్చుకున్నారు. అలా అచ్చయి పెట్టెలో అమ్మకానికి వచ్చాక నియమాలు గట్టిపడ్డాయి. మన అరుగుల మీది ఆటకు ఆ బంధనం పట్టలేదు. మీ ఇంట్లో మూడు రకాల నియమాలు ఉన్నాయంటే మూడు ఊళ్ళ అరుగులు మీ ఇంట్లో కలిశాయని అర్థం.

అయితే ఏది పాటించాలో తేల్చుకోక తప్పదు. చంపితేనే లోపలికి అనే మీ అక్కగారి నియమానికే నా ఓటు. అది లేకపోతే పిరికిగా ఇంటి నుంచి ఇంటికి దాక్కుంటూ నడిచేవారే గెలుస్తారు. అది ఉంటే ప్రతి ఒక్కరూ ఎవరినో ఒకరిని వెంటాడవలసి వస్తుంది, వెంటాడాలంటే నీడ వదిలి బయటికి రావాలి, ఆట రక్తి కట్టేది అక్కడే. పైగా ఎవరినీ చంపలేక బయటి వరుసలోనే రెండోసారి తిరగవలసి వచ్చిన కాయను చూస్తే జాలి కలుగుతుంది గాని, ఆ కాయే ఎదుటివారందరికీ భయం కూడా. మూడు చెమ్మాల విషయం చిన్నది. 16 పందేలలో ఒకసారి పడే చెమ్మా వరుసగా మూడుసార్లు పడటం 4096లో ఒకసారి జరిగే సంగతి కనుక, దాని కోసం మీ బావగారితో వాదించకండి, ఆయన మాటే నెగ్గనివ్వండి. ఒక్క మనవి: నియమాలు ఏవైనా, గవ్వలు చేతిలోకి తీసుకోకముందే ఒక కాగితం మీద రాసి గోడకు అతికించండి. కాయ చచ్చిన తరువాత గుర్తుకు వచ్చే నియమాన్ని ఎవరూ నమ్మరు.

ఒక గవ్వ దేనికో ఆనుకుని ఏటవాలుగా నిలబడితే ఏం చేయాలన్నది కూడా ఆ కాగితంలో చేర్చండి. మళ్ళీ వేయాలన్నదే న్యాయం.

ప్రశ్న: నేను ప్రస్తుతం న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మనవడికి పదేళ్ళు, మనవరాలికి ఆరేళ్ళు. వారికి అష్టా చెమ్మా నేర్పాలని ఉంది, కానీ గవ్వలు తెచ్చుకోలేదు. ఇక్కడి దుకాణంలో దొరికే చింతపండులో గింజే లేదు. వేరే మార్గం ఉందా?
– పాఠకురాలు

జవాబు: గింజ తీయని చింతకాయలు కూడా కొన్ని భారతీయ దుకాణాలలో దొరుకుతాయి, అడిగి చూడండి. దొరికితే నాలుగు పిక్కలను ఒకవైపు గరుకు రాతి మీదనో, ఉప్పుకాగితం మీదనో తెల్లటి పప్పు కనబడేదాకా అరగదీయండి. నల్లటి వైపు బోర్లా, తెల్లటి వైపు వెల్లకిలా అనుకోవాలి. అరగదీసే పని పిల్లలకే ఇస్తే ఆట అక్కడి నుంచే మొదలవుతుంది. మా చిన్నతనంలో మేఘం పట్టిన మధ్యాహ్నాలు సగం దానికే పోయేవి.

దొరకకపోతే పిస్తా తొక్కలున్నాయి. ఒకే పరిమాణంలో ఉన్న నాలుగు సగం చిప్పలను ఎంచి కడిగి ఆరబెడితే, అచ్చం గవ్వల్లాగే వెల్లకిలా, బోర్లా పడతాయి. ఒక సంగతి గమనించాలి: చిప్పలు గాని, పిక్కలు గాని, నిజమైన గవ్వలు గాని రెండు వైపులా ఖచ్చితంగా సమానంగా పడవు. ఒక్కో చిప్ప నూటికి 60 సార్లు వెల్లకిలా పడేదనుకుంటే, చెమ్మా వంద పందేలకు సుమారు 13 సార్లు పడుతుంది, అష్టా మాత్రం రెండు మూడు సార్లకు మించదు. రెండూ కలిపి చూస్తే సరిసమానమైన గవ్వల కంటే పెద్ద పందేలు ఎక్కువే పడతాయి కనుక పిల్లలకు సంతోషంగానే ఉంటుంది. కానీ ఒక ఆటలో ఒకరు ఒక జత చిప్పలతో, మరొకరు వేరే జతతో వేస్తే అన్యాయమవుతుంది. అందరూ అవే నాలుగు చిప్పలు వాడాలి.

కాయలకు ఒక్కొక్కరికి ఒక్కో రంగు గుండీలు నాలుగేసి చాలు. పటాన్ని మందపాటి అట్ట మీద గీయండి, గది నేల పాడవకుండా ఉంటుంది. మొదటి రోజు ఆట ఆడకముందు చిప్పలను వందసార్లు వేసి, ఏ పందెం ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టించండి. లెక్క రాసే పని మనవడికి, చిప్పలు వేసే పని మనవరాలికి అప్పగించండి.